ఆటగాడి బలాన్ని జట్టు వ్యూహంలో ఇమడ్చడం ఎలా? ఫుట్‌బాల్ కోచ్‌లకు ఒక మార్గదర్శిని

1997 వేసవిలో ఇటలీ క్లబ్ పార్మా జట్టు కోచ్ కార్లో ఆంచెలొట్టికి రొబెర్టో బాజియోను తీసుకునే అవకాశం వచ్చింది. అంతటి నైపుణ్యం గల ఆటగాళ్లు ఆనాడు వేళ్ల మీద లెక్కించదగినంత మందే ఉన్నప్పటికీ, స్ట్రైకర్ వెనుక స్వేచ్ఛగా తిరిగే ఆటగాడికి తన 4-4-2 ఫార్మేషన్‌లో (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) చోటు లేదన్న కారణంతో ఆంచెలొట్టి అతన్ని వద్దనుకున్నాడు. బాజియో బొలోన్యాకు వెళ్లి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ చేశాడు. అంతకు ముందు సంవత్సరమే, అదే ఫార్మేషన్ కారణంగా మైదానం అంచుకు జరిగి ఆడవలసి వచ్చిన జాన్‌ఫ్రాంకో జోలా కూడా పార్మాను వదిలి చెల్సీకి వెళ్లిపోయాడు.

ఈ ఉదంతాన్ని కోచ్ మొండితనానికి ఉదాహరణగా చెప్పేవారు ఒక విషయాన్ని వదిలేస్తుంటారు. జోలా వెళ్లిపోయిన ఆ 1996–97 సీజన్‌లోనే పార్మా లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. విజేత యువెంటస్‌కూ దానికీ మధ్య తేడా రెండే పాయింట్లు. కాబట్టి ఆ పద్ధతి పని చేయలేదనడానికి వీల్లేదు. పద్ధతి పని చేస్తున్నప్పుడు కూడా దాని కోసం ఏమి వదులుకుంటున్నామో కోచ్‌కు తెలిసి ఉండాలన్నదే అక్కడ గ్రహించవలసిన విషయం. అదే ఆంచెలొట్టి తరువాత యువెంటస్‌లో జిదాన్ కోసం ఫార్మేషన్‌నే మార్చాడు, మిలాన్‌లో పిర్లోను డిఫెన్స్ ముందుకు దించి జట్టును అతని పాసుల చుట్టూ నిర్మించాడు, 2003, 2007, 2014, 2022, 2024 సంవత్సరాలలో మొత్తం ఐదుసార్లు కోచ్‌గా ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు.

వ్యూహం ముఖ్యమా, ఆటగాడు ముఖ్యమా అన్న వాదన నా దృష్టిలో కోచ్‌కు పెద్దగా ఉపయోగపడదు. ఒక ఆటగాడికి ఇచ్చే ప్రతి స్వేచ్ఛకూ జట్టులో మరొకరు మూల్యం చెల్లిస్తారు. ఆ మూల్యం ఎంత, దాన్ని ఎవరు చెల్లిస్తారు, చెల్లించే శక్తి వారికి ఉందా అన్న మూడు ప్రశ్నలకు మ్యాచ్‌కు ముందే సమాధానం సిద్ధం చేసుకోవడమే సమతూకం సాధించే పద్ధతి. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఆ లెక్కను సరిగ్గా వేయడానికి ఉద్దేశించినవే.

మార్చకూడనివి ఏవో ముందు తేల్చుకోవాలి

ఫార్మేషన్, ఆట సూత్రాలు, వ్యక్తిగత పాత్రలు అనే మూడింటినీ ఒకటిగా చూడడం వల్లనే చాలా చిక్కులు వస్తాయి. 4-3-3, 3-5-2 వంటి అంకెలు ఆట మొదలయ్యే క్షణంలో ఎవరు ఎక్కడ నిలబడతారో మాత్రమే చెబుతాయి. బంతిని కోల్పోగానే వెంటనే మీద పడాలా లేక వెనక్కి వచ్చి వరుస కట్టాలా, డిఫెన్స్ ఎంత ముందు నిలబడాలి, గోల్‌కీపర్ బంతిని దగ్గరి ఆటగాడికి ఇవ్వాలా దూరంగా తన్నాలా అన్నవి సూత్రాలు. ఫలానా ఆటగాడు ఆ సూత్రాల లోపల ఏమి చేస్తాడన్నది పాత్ర. సూత్రాలు తక్కువగా, స్థిరంగా ఉండాలి. పాత్రలు ఆటగాణ్ని బట్టి మారాలి. ఫార్మేషన్ ఈ రెండింటి నుంచి పుట్టాలి. అనుభవం తక్కువగా ఉన్న కోచ్‌లు సాధారణంగా ముందు ఫార్మేషన్‌ను ఎంచుకుని, ఆ తరువాత ఆటగాళ్లను గడులలో నింపడం మొదలుపెడతారు.

సూత్రాల విషయంలో ఆరిగో సాకీ నుంచి నేర్చుకోదగినది చాలా ఉంది. ఆయన మిలాన్ జట్టు 1989లోనూ 1990లోనూ యూరోపియన్ కప్ గెలిచింది. జట్టులోని చివరి డిఫెండర్‌కూ మొదటి స్ట్రైకర్‌కూ మధ్య దూరం సుమారు 25 మీటర్లు దాటకూడదన్నది ఆయన పట్టుదల. ప్రతి ఆటగాడు బంతిని, ఖాళీ స్థలాన్ని, ప్రత్యర్థిని, సహచరుణ్ని చూసి తన స్థానాన్ని నిర్ణయించుకోవాలని ఆయన బోధించాడు. క్రమశిక్షణ గల ఐదుగురు, క్రమం లేని పదిమందిని ఆపగలరని గులిట్, వాన్ బాస్టెన్‌లకు చూపించడానికి ఆయన గోల్‌కీపర్‌తో పాటు బరేసి, మల్దిని, టసొట్టి, కోస్టకుర్తాలను ఒక వైపు నిలబెట్టి, పదిమందిని వారి మీదికి పంపేవాడని, ఆ పదిమంది గోల్ చేయలేకపోయారని ప్రసిద్ధి. ఇంత కఠినమైన పద్ధతిలోనూ గులిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్ వెలిగిపోయారంటే, సూత్రం స్పష్టంగా ఉన్నప్పుడు ఆటగాడికి తన స్వేచ్ఛ ఎంతవరకో కూడా స్పష్టంగా తెలుస్తుంది గనుకనే.

కోచ్ తన సూత్రాలను నాలుగైదు వాక్యాలకు మించకుండా కాగితం మీద రాసుకోవాలి. బంతి మన దగ్గర ఉన్నప్పుడు, ప్రత్యర్థి దగ్గర ఉన్నప్పుడు, మనం కోల్పోయిన క్షణంలో, మనం గెలుచుకున్న క్షణంలో జట్టంతా తప్పక చేయవలసిన పని ఒక్కొక్కటి రాస్తే చాలు. ఆ జాబితాలో లేనిదంతా ఆటగాళ్లతో మాట్లాడి మార్చుకోదగినదే. పది పన్నెండు సూత్రాలు రాసుకున్న కోచ్ నిజానికి ఏదీ ఎంచుకోలేదని అర్థం.

ఆటగాడి బలం ఏ పరిస్థితిలో బలమవుతుంది?

‘వేగం గల వింగర్’, ‘మంచి పాసింగ్ ఉన్న మిడ్‌ఫీల్డర్’ అన్న వర్ణనలు కోచ్‌కు సరిపోవు. బలం అనేది ఎప్పుడూ ఒక పరిస్థితికి కట్టుబడి ఉంటుంది. వేగం గల స్ట్రైకర్, ప్రత్యర్థి డిఫెన్స్ వెనుక ముప్పై మీటర్ల ఖాళీ ఉన్నప్పుడే వేగవంతుడు. పదిమందీ పెనాల్టీ బాక్స్ చుట్టూ చేరిన జట్టు మీద అతని వేగం అక్కరకు రాదు. 2015–16లో లెస్టర్ సిటీ 81 పాయింట్లతో ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు కోచ్ క్లాడియో రనియేరి ఈ సంగతిని చక్కగా గుర్తించాడు. జట్టు బంతిని ఎక్కువసేపు తన దగ్గర ఉంచుకోవాలన్న పట్టింపు ఆయన పెట్టుకోలేదు. వెనక్కి తగ్గి, ప్రత్యర్థిని ముందుకు రానిచ్చి, మిడ్‌ఫీల్డర్ కాంటే బంతిని గుంజుకోగానే స్ట్రైకర్ జేమీ వార్డీ పరుగెత్తడానికి వీలుగా ముందు ఖాళీ ఉంచాడు. వార్డీ ఆ సీజన్ లీగ్‌లో 24, మహ్రెజ్ 17 గోల్స్ చేశారు. అదే వార్డీని ఎప్పుడూ బంతి తమ దగ్గరే ఉండే జట్టులో పెడితే అతనికి పరుగెత్తే చోటే దొరకదు.

కాబట్టి ప్రతి ఆటగాడి గురించి రాసుకునేటప్పుడు వాక్యం ‘ఫలానా పరిస్థితిలో ఫలానా పని బాగా చేస్తాడు’ అన్న రూపంలో ఉండాలి. బంతిని గోల్ వైపు ముఖం పెట్టి అందుకున్నప్పుడు బాగా ఆడతాడా, వీపు పెట్టి అందుకున్నప్పుడా? ఒత్తిడి మీద పడినప్పుడు ఏ కాలి వైపు తిరుగుతాడు? బంతి కోల్పోయిన తరువాతి ఐదు సెకన్లలో ఏమి చేస్తాడు? 75వ నిమిషం తరువాత కూడా అంతే దూరం వెనక్కి వస్తాడా? మ్యాచ్ వీడియోను బంతి వెంట కాకుండా ఆ ఒక్క ఆటగాడి వెంట చూస్తేనే ఈ సమాధానాలు దొరుకుతాయి. వీడియో లేని జట్లలో సహాయ కోచ్ ఒకరు ఒక హాఫ్ అంతా ఒక్కరినే గమనించి రాస్తే సరిపోతుంది. గోల్స్, అసిస్ట్‌ల (గోల్‌కు దారితీసిన పాసుల) పట్టిక ఇక్కడ అంతగా ఉపయోగపడదు.

ఇలా చూస్తే కొన్నిసార్లు ఆటగాడి అసలు స్థానమే వేరని తెలుస్తుంది. 2001లో బ్రెషియా కోచ్ కార్లో మజోనే, తన జట్టులో బాజియో ఉన్నందువల్ల స్ట్రైకర్ వెనుక స్థానం ఖాళీ లేక, అరువుపై వచ్చిన యువకుడు పిర్లోను బాగా వెనక్కి దించి ఆడించాడు. పిర్లోకు వేగం లేదు, శరీర బలం కూడా పెద్దగా లేదు. కానీ అక్కడి నుంచి మైదానమంతా అతని కళ్ల ముందు ఉంటుంది, బంతి తొక్కిపట్టి చూడడానికి ఒక క్షణం ఎక్కువ దొరుకుతుంది. ఆంచెలొట్టి మిలాన్‌లో నిలబెట్టినది ఆ ఏర్పాటునే. ఆర్సెన్ వెంగర్ కూడా 1999లో ఆర్సెనల్‌కు వచ్చిన థియరీ ఆన్రీని వింగ్ నుంచి సెంటర్‌కు మార్చాడు. అయినా, రెండో వైపు నుంచి ఒక హెచ్చరిక అవసరం: స్థానం మార్చడం కోచ్ తెలివిని చాటుకునే వేదిక కాకూడదు. బాగా ఆడుతున్న ఫుల్‌బ్యాక్‌ను (డిఫెన్స్‌లో అంచున ఆడేవాణ్ని) కేవలం కొత్తదనం కోసం మిడ్‌ఫీల్డ్‌లోకి తెస్తే రెండు స్థానాలూ బలహీనపడతాయి.

ఆటగాణ్ని కూడా అడగాలి. ‘నీకు బంతి ఎక్కడ, ఎలా అందితే ఇష్టం?’ అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే సమాధానం చాలాసార్లు వారాల పరిశీలనను మిగులుస్తుంది. అతను చెప్పినదంతా జరగనవసరం లేదు. అతని సమాధానానికీ కోచ్ గమనించినదానికీ పొంతన లేకపోతే, ఆ తేడాయే మాట్లాడవలసిన విషయమవుతుంది.

ఒక్కొక్కరిగా కాదు, జంటలుగా

పదకొండుమంది బలాలను విడివిడిగా కూడితే జట్టు బలం రాదు. ఒకే ఖాళీని కోరుకునే ఇద్దరు గొప్ప ఆటగాళ్లు పక్కపక్కన ఉంటే ఒకరి ఆటను ఒకరు తగ్గిస్తారు. ఇంగ్లండ్ జట్టు చాలా సంవత్సరాల పాటు జెరార్డ్, లాంపార్డ్ ఇద్దరినీ మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఆడించింది. ఇద్దరూ వెనుక నుంచి ముందుకు దూసుకుపోయి గోల్ చేయడంలో దిట్టలు. ఇద్దరూ ఒకేసారి ముందుకు వెళ్తే వెనుక ఎవరూ ఉండరు, ఇద్దరూ ఆగితే ఇద్దరి బలమూ వృథా అవుతుంది. ఈ ఇద్దరికీ చోటు చేయడం కోసం 2004 యూరో పోటీలలో పాల్ స్కోల్స్‌ను ఎడమ అంచున నిలబెట్టారు. ఆ పోటీ తరువాత స్కోల్స్ అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పాడు. నన్నడిగితే ముగ్గురిలో ఒకరిని బెంచ్ మీద కూర్చోబెట్టే ధైర్యమే అక్కడ కావలసింది.

దీనికి ఎదురుగా 1970 ప్రపంచ కప్ బ్రెజిల్‌ను పెట్టి చూడాలి. పెలే, టోస్టావ్, రివెలినో, జైర్జిన్యో, జెర్సన్ అందరూ తమ తమ క్లబ్బులలో దాడికి కేంద్రంగా ఉన్నవారే. కోచ్ మారియో జగాలో ఐదుగురినీ ఒకే జట్టులో పెట్టగలిగాడంటే, ఐదుగురి పనులూ ఒకటి కాకుండా చూశాడు గనుక. టోస్టావ్ ముందుండి డిఫెండర్లను లాగేవాడు, జైర్జిన్యో కుడివైపు నుంచి దూసుకువచ్చేవాడు, రివెలినో ఎడమవైపు నుంచి లోపలికి వచ్చేవాడు, జెర్సన్ వెనుక నుంచి పొడవు పాసులు ఇచ్చేవాడు. మిడ్‌ఫీల్డర్ అయిన పియాజాను సెంటర్‌బ్యాక్‌గా (డిఫెన్స్ మధ్యలో) ఆడించారు. బ్రెజిల్ ఆరు మ్యాచ్‌లూ గెలిచింది. జైర్జిన్యో ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ చేశాడు.

ఆధునిక ఆటలో ఇదే పనిని మైదానం ఒక్కో పక్కన ముగ్గురేసి ఆటగాళ్ల గుంపుగా చూడడం సులువు: ఫుల్‌బ్యాక్, ఆ పక్క మిడ్‌ఫీల్డర్, వింగర్. ముగ్గురిలో ఒకరు అంచున ఉండాలి, ఒకరు లోపల ఉండాలి, ఒకరు వెనుక కాపు ఉండాలి. ఎవరు ఏ పని చేస్తారన్నది వారి బలాన్ని బట్టి నిర్ణయించాలి. యుర్గెన్ క్లాప్ లివర్‌పూల్‌లో సలా, మానే ఇద్దరూ లోపలికి వచ్చి గోల్ చేసేవారు గనుక అంచులను అలెగ్జాండర్-ఆర్నాల్డ్, రాబర్ట్‌సన్ అనే ఫుల్‌బ్యాక్‌లకు వదిలేశాడు. మధ్యలో ఫిర్మినో స్ట్రైకర్‌గా ఉంటూనే వెనక్కి దిగి వారికి దారి తెరిచేవాడు. ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు మెరుపులు మెరిపించకుండా, ఫుల్‌బ్యాక్‌లు వదిలిన ఖాళీలను కాచేవారు. 2018–19 ప్రీమియర్ లీగ్‌లో ఆ ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు వరుసగా 12, 11 అసిస్ట్‌లు చేశారు. లివర్‌పూల్ మిడ్‌ఫీల్డ్‌లో సృజన లేదని ఆ రోజుల్లో విమర్శించినవారు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో గమనించలేదు.

మినహాయింపు ఎంతమందికి, ఎంత?

జట్టంతా వెనక్కి పరుగెత్తుతున్నప్పుడు ముందే నిలబడి ఉండే హక్కు ఒకరికి ఇవ్వవచ్చు. అది ఇవ్వదగిన ఆటగాడు అరుదు. ఇస్తే మిగిలిన తొమ్మిదిమంది అవుట్‌ఫీల్డ్ (గోల్‌కీపర్ కాని) ఆటగాళ్లు పది మంది పని చేయాలి. 2022 ప్రపంచ కప్‌లో అర్జెంటీనా కోచ్ లియోనెల్ స్కలోని ఈ లెక్కను బహిరంగంగానే వేశాడు. 35 ఏళ్ల మెస్సీ చాలాసేపు నడుస్తూ ఉంటాడని ఒప్పుకుని, అతని పరుగులు కూడా తామే పరుగెత్తగలిగే డి పాల్, మాక్ అలిస్టర్, ఎంజో ఫెర్నాండెజ్, హూలియన్ ఆల్వరెజ్‌లను చుట్టూ నిలబెట్టాడు. మెస్సీ ఆ పోటీలో 7 గోల్స్ చేశాడు. మరో వైపు, 2021 నుంచి 2023 వరకు పారిస్ సెయింట్ జెర్మైన్ మెస్సీ, నెమార్, ఎంబాపె ముగ్గురినీ ఒకేసారి ఆడించింది. రెండు సీజన్లలోనూ ఛాంపియన్స్ లీగ్ చివరి పదహారు జట్ల దశలోనే, మొదట రియల్ మాడ్రిడ్ చేతిలో, తరువాత బయర్న్ మ్యూనిక్ చేతిలో ఓడి వెళ్లిపోయింది. ముగ్గురు రక్షణకు రాకపోతే మిగిలేది ఏడుగురు అవుట్‌ఫీల్డ్ ఆటగాళ్లే. గట్టి ప్రత్యర్థి ముందు ఏడుగురితో మైదానం వెడల్పును కాయడం సాధ్యం కాదు. నా అంచనాలో పూర్తి మినహాయింపు ఒకరికి, సగం మినహాయింపు మరొకరికి అన్నదే ఏ జట్టుకైనా గరిష్ఠ పరిమితి.

మినహాయింపు ఇచ్చేటప్పుడు దాన్ని అస్పష్టంగా వదలకూడదు. ‘నీ ఇష్టం వచ్చినట్టు ఆడు’ అనడం స్వేచ్ఛ ఇవ్వడం కాదు, బాధ్యత నుంచి కోచ్ తప్పుకోవడం. ‘బంతి మన సగంలోకి దాటితే నువ్వు వెనక్కి రానవసరం లేదు, కానీ వారి సెంటర్‌బ్యాక్ దగ్గర బంతి ఉన్నంతసేపు అతని కుడికాలి వైపు దారిని మూసి నిలబడాలి’ అన్నంత వివరంగా ఉండాలి. పరుగెత్తమని అడగకుండా, నిలబడవలసిన చోటు చెబితే స్టార్ ఆటగాళ్లలో ఎక్కువ మంది ఒప్పుకుంటారు.

ఒకే స్థలాన్ని ఇద్దరు కోరుకున్నప్పుడు మాత్రం ఏ వివరణా పనికిరాదు. బార్సిలోనా కోచ్ గార్డియోలా 2009 మే 2న రియల్ మాడ్రిడ్ మైదానంలో మెస్సీని మధ్యలోకి తెచ్చి, స్ట్రైకర్ ఎటోను కుడి అంచుకు పంపి 6-2తో గెలిచాడు. ఆ వేసవిలో ఎటో స్థానంలో వచ్చిన ఇబ్రహిమోవిచ్ కూడా మధ్యలోనే ఆడే ఆటగాడు. మెస్సీకి కావలసినదీ ఆ మధ్య భాగమే. బార్సిలోనా 2009–10 లీగ్‌ను 99 పాయింట్లతో గెలిచినా, ఒక్క సీజన్ కాగానే ఇబ్రహిమోవిచ్ మిలాన్‌కు వెళ్లిపోయాడు. అదే కోచ్ మాంచెస్టర్ సిటీలో హాలండ్ విషయంలో మరోలా వ్యవహరించాడు. పాసులు తక్కువగా ఆడి, బాక్స్‌లోనే ఎదురుచూసే స్ట్రైకర్ ముందుంటే మిడ్‌ఫీల్డ్‌లో ఒక మనిషి తగ్గుతాడు. ఆ లోటును 2022–23 సీజన్ రెండో భాగంలో సెంటర్‌బ్యాక్ జాన్ స్టోన్స్‌ను రోడ్రి పక్కకు పంపి పూడ్చాడు. హాలండ్ ఆ లీగ్‌లో 36 గోల్స్‌తో కొత్త రికార్డు నెలకొల్పాడు, జట్టు మూడు ప్రధాన ట్రోఫీలూ గెలిచింది.

శిక్షణలో ఏమి చేయాలి

ఈ లెక్కలన్నీ బోర్డు మీద బాగానే కనిపిస్తాయి. కాళ్లకు ఎక్కవలసింది శిక్షణలోనే. స్వేచ్ఛ పొందిన ఆటగాడి కదలికనూ, దాన్ని కాచే ఆటగాడి కదలికనూ ఎప్పుడూ కలిపే నేర్పాలి. ఎడమ ఫుల్‌బ్యాక్ ముందుకు దూసుకుపోయే డ్రిల్ చేయిస్తున్నప్పుడు, అతను వెళ్లిన క్షణంలోనే ఎడమ సెంటర్‌బ్యాక్ ఎంత పక్కకు జరగాలో, డిఫెన్స్ ముందు ఉండే మిడ్‌ఫీల్డర్ ఎంత వెనక్కి దిగాలో అదే డ్రిల్‌లో ఉండాలి. దాడి ఒక రోజు, రక్షణ మరో రోజు అని విడగొట్టి నేర్పే జట్లలో సాధారణంగా ఈ అతుకు దగ్గరే చిరుగు పడుతుంది.

మొదట ప్రత్యర్థి లేకుండా నెమ్మదిగా నడిపించి, తరువాత ఎనిమిదిమందికి ఎదురుగా ఎనిమిదిమందిని పెట్టి, దాడి చేస్తున్న జట్టు కావాలని బంతి పోగొట్టుకునేలా కోచ్ ఈల వేసి, కాపు పని జరుగుతుందో లేదో చూడాలి. వారానికి ఒక కొత్త విషయం కంటే ఎక్కువ చేర్చడం మంచిది కాదు. జాతీయ జట్టు కోచ్‌లకు ఈ వెసులుబాటు కూడా ఉండదు. పోటీల మధ్య కొద్ది రోజులే దొరుకుతాయి గనుక వారు తమ సూత్రాలను మరింత తగ్గించుకుని, ఆటగాళ్లకు క్లబ్బులలో ముందే అలవాటైన జంటలను వాడుకోవడం తెలివైన పని.

మూల్యం చెల్లించేవారితో మాట్లాడడం

కోచ్‌లు తమ సమయంలో ఎక్కువ భాగం స్టార్ ఆటగాణ్ని మెప్పించడంలో గడుపుతారు. నిజానికి ఎక్కువగా మాట్లాడవలసింది అతని వెనుక పరుగెత్తేవాడితో. ఎందుకు అతన్నే ఎంచుకున్నామో, అతను ఆ పని చేయకపోతే ఏమవుతుందో వీడియోలో చూపించాలి, మ్యాచ్ తరువాత గోల్ చేసినవాడి కంటే ముందు అతని పేరు డ్రెస్సింగ్ రూమ్‌లో వినిపించాలి. ఒప్పందం, జీతం, వయసు, కెప్టెన్సీ వంటి విషయాలలో అతనికి న్యాయం జరగడం లేదన్న భావన ఉంటే ఎంత గొప్ప వ్యూహమైనా నెల రోజులు కూడా నిలవదు.

కొత్త పాత్ర ఇచ్చేటప్పుడు అది శిక్ష కాదని ఆటగాడికి తోచాలి. ఆంటోనియో కోంటే చెల్సీలో విక్టర్ మోజెస్‌ను వింగ్‌బ్యాక్ (అంచున దాడి, రక్షణ రెండూ చేసేవాడు) చేసినప్పుడు అతను అంతకు ముందు మూడు సీజన్లు లివర్‌పూల్, స్టోక్, వెస్ట్ హామ్‌లలో అరువుపై తిరిగినవాడు. వింగర్‌గా అతన్ని నమ్మని క్లబ్బులోనే అతనికి మొదటి జట్టులో స్థిరమైన చోటు దొరికింది; కొత్త పాత్రను అతను సంతోషంగా ఎందుకు స్వీకరించాడో ఊహించడం కష్టం కాదు. అప్పటికే పేరున్న ఆటగాణ్ని వెనక్కి జరపడం ఇంతకంటే చాలా కష్టం. దానికి ఒక సీజన్ ముందు నుంచే చర్చ మొదలవ్వాలి.

ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆగాలి

ఓటమి తరువాత కోచ్ తనను తాను అడగవలసిన మొదటి ప్రశ్న: అనుకున్నది ఆటగాళ్లు చేశారా, లేదా? చేయకపోతే వ్యూహం ఇంకా పరీక్షకు నిలబడలేదు. మరింత శిక్షణ, లేదా మరింత సులభమైన సూచన కావాలి. చేసినా ఓడితే, కష్టం ఎప్పుడూ ఒకే చోట వస్తోందా అని చూడాలి. మూడు నాలుగు మ్యాచ్‌లలో ఒకే ఖాళీ నుంచి గోల్స్ వస్తుంటే అక్కడ మూల్యం చెల్లించవలసిన ఆటగాడికి ఆ శక్తి లేదని అర్థం. అప్పుడు ఆటగాణ్ని తిట్టడం అన్యాయం, లెక్క తప్పు.

2016 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడిన తరువాత కోంటే ముగ్గురు సెంటర్‌బ్యాక్‌ల పద్ధతికి మారాడు. అజార్‌కు రక్షణ భారం తగ్గింది, డేవిడ్ లూయిజ్‌కు రెండు వైపులా కాపు దొరికింది, అజ్పిలిక్వేటా ఫుల్‌బ్యాక్ నుంచి సెంటర్‌బ్యాక్ అయ్యాడు. చెల్సీ ఆ తరువాత లీగ్‌లో వరుసగా 13 మ్యాచ్‌లు గెలిచి, 93 పాయింట్లతో టైటిల్ సాధించింది. నెదర్లాండ్స్ కోచ్ లూయీ వాన్ గాల్ 2014 ప్రపంచ కప్‌కు ముందు మిడ్‌ఫీల్డర్ కెవిన్ స్ట్రూట్‌మన్ గాయపడగానే, అతను లేకుండా 4-3-3 నిలబడదని తేల్చుకుని ఐదుగురు డిఫెండర్లతో ఆడాడు. తొలి మ్యాచ్‌లోనే స్పెయిన్‌ను 5-1తో ఓడించి, చివరకు మూడో స్థానం పొందాడు. స్వదేశంలో చాలామంది ఆ మార్పును డచ్ సంప్రదాయానికి ద్రోహంగా చూశారు. ఒక్క ఆటగాడి గైర్హాజరీ మొత్తం పద్ధతిని మార్చదగినంత పెద్దదని గుర్తించడమే నాకు అక్కడ నచ్చే విషయం.

మార్చకపోవడానికీ మూల్యం ఉంటుంది. 2024 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చిన రూబెన్ అమోరిమ్, వేరే ఫార్మేషన్ల కోసం కూర్చిన జట్టును సీజన్ మధ్యలోనే తన 3-4-3లోకి మార్చాడు. ఆ సీజన్ లీగ్‌లో జట్టు 15వ స్థానంలో ముగిసింది. తన పద్ధతిని మొదటి రోజు నుంచే నాటాలన్న ఆయన వాదనలో అర్థం లేకపోలేదు. కానీ ఆ పద్ధతికి ప్రాణమైన వింగ్‌బ్యాక్‌లు జట్టులో సరిపడా లేనప్పుడు, మొదటి కొన్ని నెలలు ఉన్నవారికి తగినట్టు ఆడి, వేసవి తరువాత మారడం తక్కువ ఖర్చుతో కూడిన దారి అని నా అభిప్రాయం.

మ్యాచ్ మధ్యలో వచ్చే ఆపదలు వేరు. 1994 ప్రపంచ కప్‌లో నార్వే మీద ఇటలీ గోల్‌కీపర్ పల్యూకాకు రెడ్ కార్డు రాగానే, కొత్త గోల్‌కీపర్‌కు చోటివ్వడానికి అప్పటి ఇటలీ కోచ్ సాకీ బాజియోనే బయటకు పిలిచాడు. పదిమందితో మిగతా ఆటంతా పరుగెత్తాలి. బాజియో బలం ఆ పరిస్థితికి సరిపోదు. ఇటలీ 1-0తో గెలిచింది. నాకౌట్ దశ నుంచి ఫైనల్ చేరే వరకు ఇటలీ చేసిన 6 గోల్స్‌లో 5 బాజియోవే. ఒక మ్యాచ్‌లో తీసేసిన ఆటగాడే తరువాతి మ్యాచ్‌లకు ఆధారమయ్యాడు. రెండు నిర్ణయాలూ సరైనవే కావచ్చు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను పక్కన పెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన ఫైనల్‌లో జర్నైల్ గోల్ చేశాడు. డిఫెండర్‌లో ఉన్న ఎత్తు, ధైర్యం మైదానం రెండో కొసలోనూ పనికివస్తాయని రహీమ్ గ్రహించి ఉంటాడు.

పిల్లల జట్లకు ఈ సూచనలలో చాలా భాగం వర్తించదు. పదిహేనేళ్ల లోపు వారిని ఒకే స్థానానికి కట్టేయకుండా, సీజన్‌లో రెండు మూడు స్థానాలలో ఆడించడం మేలు. చిన్న క్లబ్బులలో, కొనుగోళ్లకు వీలు లేనప్పుడు, జట్టులోని అత్యుత్తమ ముగ్గురి పరిస్థితులను బట్టి ఫార్మేషన్‌ను ఎంచుకుని మిగిలినవారిని వారి చుట్టూ సర్దడం అన్నిటికంటే సులువైన మొదటి అడుగు.

ఇక చాలా మంది కోచ్‌లు పట్టించుకోని విషయం సబ్‌స్టిట్యూషన్. మినహాయింపు పొందిన ఆటగాడు బయటకు వెళ్లినప్పుడు, అతని కోసం చేసిన ఏర్పాట్లన్నీ కూడా మారాలి. 2022 ఫైనల్‌లో స్కలోని ఫ్రాన్స్ కుడివైపును దెబ్బతీయడానికే డి మరియాను ఎడమ అంచున ఆడించాడు. 2-0 ఆధిక్యంలో ఉండగా 64వ నిమిషంలో అతన్ని తీసి డిఫెండర్ అకున్యాను పంపాడు. అప్పటివరకు ఆ అంచును కాచుకుంటూ వెనక్కి తగ్గిపోయిన ఫ్రాన్స్‌కు ఆ తరువాత అక్కడ భయం తగ్గింది, 80, 81 నిమిషాలలో ఎంబాపె రెండు గోల్స్ చేశాడు. ఆ ఒక్క మార్పే కారణమనడం అతి అవుతుంది. ఫ్రాన్స్ కూడా అప్పటికే తన ఆటగాళ్లను మార్చుకుంది, అర్జెంటీనా చివరకు పెనాల్టీ షూటౌట్‌లో గెలిచింది కూడా. అయినా ప్రతి మ్యాచ్‌కు ముందు కోచ్ తన కాగితం మీద ఇంకొక వరుస రాసుకోవాలి: ఈ ఆటగాడు బయటకు వస్తే, ఇప్పటివరకు అతని కోసం పరుగెత్తిన ఇద్దరూ ఎక్కడ నిలబడాలి, ఆ మాట వారికి ఎవరు చెప్పాలి.